గేజీ రాయి అంకెలు

సెప్టెంబరు 2. మబ్బు, తూర్పు గాలి, వాన లేదు. గేజీ ౫ అడుగుల ౨ అంగుళాలు. మూడో తలుపు మరకు గ్రీజు పెట్టాను. పోటు కేక: నూకరత్నం.

ఈ రోజుతో గవ్వలంకలో అందరి పౌర కార్డులకూ రహస్య అంకెలు పెట్టడం పూర్తయింది. నాది కాక మొత్తం ముప్పై ఎనిమిది కార్డులు. ఇది లాకు పుస్తకం. కార్డుల సంగతి ఇందులో రాయకూడదు. కాని లాకు తలుపులు తీసి వేసే లస్కరుకి ఇంకో పుస్తకం ఇవ్వలేదు.

ఆఖరున వచ్చింది నూకరత్నం. నాతో పాటు ఈ లాకు మీద లస్కరుగా చేసిన పెంటయ్య భార్య. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. సైరను ఉప్పుగాలికి తుప్పు పట్టిన నాటి నుంచి గట్టు మీద జనానికి నీటి కబురు చెప్పేది ఆమె గొంతే. రోజూ పోటు వేళకు లాకు గోడ ఎక్కి, గేజీ రాయి మీద నీళ్ళు ఎంతకు వచ్చాయో చూసి కేక వేస్తుంది. రాయి మీద ఏడో అంకె మునుగుతుంటే కేక మారుతుంది. అప్పుడు పిల్లల్నీ మేకల్నీ ఎండుచేపల్నీ గట్టు పైకి ఎక్కించుకోవడానికి అరగంట ఉంటుంది. మైలున్నర అవతల చివరి ఇంటికి కూడా ఆ కేక అందుతుంది.

"ఈ సెక్క పలక నువ్వే సేశావా బావా?" అంది, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"నేనే."

"మాటలు రావు గానీ సేతులొచ్చు నీకు. రెండూ ఇత్తే ఎక్కువైపోద్దని దేవుడు సూసుకున్నాడు."

పలక పనస చెక్కది. పది మీటలు. గేజీ రాయి మీద పూర్వం ఎవరో చెక్కిన అంకెల్నే చూసి, అదే వంపుతో, మీటల మీద చెక్కాను. లంకలో సగం మందికి అక్షరాలు రావు. ఆ రాయి మీది అంకెలు రానివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. నడక వచ్చిన బిడ్డకు ఇక్కడ మొదట నేర్పేది ౭ని గుర్తుపట్టడం.

నా కంప్యూటర్, కార్డులు చదవడానికి ప్రభుత్వం వారు పెట్టే ముద్ర పెట్టె కాదు. ముద్ర పెట్టె లోపల ఏముందో దాన్ని వాడేవాడికి తెలియదు. విప్పితే ఆగిపోతుంది. నాది ఊరుమ్మడి. లోపలి రాత అంతా బయటికే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, దిద్దింది నలుగురికీ పంపొచ్చు. కార్డు చదివే భాగం రాసినాయన పేరు సులేమాను. ఎగువన రాతినేల మీద ఉంటాడు. ఆయన్ని నేను చూడలేదు, రేడియో ఉత్తరాలే. నేను చేసిందల్లా ఆ భాగంలో అంకెల్ని మన అంకెలు చేయడం. దానికే రెండు నెలలు పట్టింది. అడగడానికి దగ్గరలో తెలిసినవాళ్ళు లేరు.

పద్ధతి ఇది. కార్డుతో పాటు వచ్చిన సీలు కవరు చించి, అందులో ముందే పెట్టి పంపిన రహస్య అంకెను నేను నా మీటల మీద కొడతాను. నావి మామూలు మీటలు. తర్వాత చెక్క పలక వాళ్ళ ముందు పెట్టి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకుంటాను. వాళ్ళు తమకు నచ్చిన నాలుగు అంకెలు నొక్కుకుంటారు. ఎవరి అంకె ఏదో నాకు తెలియదు.

"సూడవు కదా?" అంది.

"గేజీ రాయి చూస్తాను."

నాలుగు చప్పుళ్ళు వినిపించాయి. సరిచూడటానికి మళ్ళీ నాలుగు. యంత్రం సరే అంది. ఆసుపత్రి వంతు కాగితం కూడా ఆ అంకెతోనే ఇక్కడి నుంచి పంపేశాము.

ఆగస్టులో మందుల పడవ మీద వచ్చిన డాక్టరమ్మ నూకరత్నం గొంతులోకి అద్దం పెట్టి చూసింది. చిన్న పుండు ఉంది, నెల లోపల కోస్తే పుండు ఒక్కటే పోతుంది, ఆలస్యమైతే స్వరపేటిక మొత్తం తీయాలి అంది. మెరక మీద పెద్దాసుపత్రిలో పన్నెండో తేదీకి వంతు వచ్చింది. అక్కడ కోతకు ఒప్పుదల సంతకం రోగి తన కార్డుతో, తన అంకెతో, వాళ్ళ ముద్ర పెట్టె మీదే చేయాలి.

"నేనక్కడున్న నాలుగు రోజులు కేక ఎవరేత్తారు? నువ్వా?" అని నవ్వింది. గొంతు జీరగా ఉంది. "నువ్వు కేకేత్తే గట్టు మీద కాకి కూడా లెగదు బావా."

నిజమే. ముప్పై ఏళ్ళుగా ఇక్కడున్నాను. నా గొంతు లాకు అవతలి గోడకు చేరిన రోజు లేదు.

సెప్టెంబరు 5. ఎండ. గేజీ ౪ అడుగుల ౧౧ అంగుళాలు. తలుపుల దగ్గర చేరిన గుర్రపుడెక్క లాగేశాను. పోటు కేక: నూకరత్నం. మిరియాల కషాయం కాచి గోడ మీద పెట్టాను. తాగింది.

సులేమాను ఉత్తరం వచ్చింది. "అన్నా, నీ చెక్క పలక సంగతి చదివితి. శానా బాగుండాది. ఒకటే మాట. ముద్ర పెట్టె మీద ఒక్క కార్డైనా పెట్టి చూసినావా?"

జవాబు రాశాను: గవ్వలంకలో ముద్ర పెట్టె లేదు. మెరక మీదికి పంటు పడవ మీద ఆరు గంటల దారి. నా కార్డు మొన్న జులైలో అక్కడ పెట్టాను, పనిచేసింది. ఇక్కడ ముప్పై ఎనిమిదికి ముప్పై ఎనిమిదీ పనిచేశాయి.

సెప్టెంబరు 12. చినుకులు. గేజీ ౫ అడుగులు. పోటు కేక: నూకరత్నం, బయలుదేరే ముందు. కార్డు మెడలో తాడుకి కట్టుకుంది. పంటు నడిపేది కూతురు వీరవేణే కనుక తోడు వెతుక్కునే పని లేదు. లాకు దాటించి తలుపులు వేశాను.

సెప్టెంబరు 13. ఎండ, ఉక్క. గేజీ ౫ అడుగుల ౧ అంగుళం. పని ఏమీ చేయలేదు.

నాలుగు రోజులు ఉంటారనుకున్నవాళ్ళు మర్నాడే వచ్చేశారు. పంటు తాడు కట్టకముందే వీరవేణి దిగి వచ్చింది.

"మూడుసార్లు నొక్కింది మావయ్యా. మూడుసార్లూ అదే అంకె. మూడోదానికి పెట్టె ఎర్రగా అయిపోయి కార్డుకి తాళం పడింది. ఆ బల్ల దగ్గర కూర్చున్నావిడ ఏమందో తెలుసా? 'ఇది నీ కార్డేనా?' అంది."

"నా మొకం కూడా నాదేనా అని అడగమన్నాను," అంది నూకరత్నం. "సేప కుళ్ళిందో లేదో సూసినట్టు సూసింది నన్ను."

డాక్టరు దాకా పోనివ్వలేదు. వంతు వెనకనున్నవాళ్ళకు ఇచ్చేశారు. వీరవేణి పోట్లాడితే జాలిపడి ఇరవై నాలుగో తేదీకి ఇంకో వంతు రాశారు.

సీలు కవరు తెమ్మన్నాను. ఇక్కడ ముఖ్యమైన కాగితాలన్నీ వెదురు బొంగులో పెట్టి, మైనం వేసి, దూలానికి కడతారు. ఇల్లు పోయినా బొంగు తేలుతుంది. కవరులో తాళం తీసే అంకె వేరుగా ఉంటుంది. దాన్ని నా మీటల మీద కొట్టాను. తాళం వీడింది. పలక ఆమె ముందు పెట్టి కిటికీ వైపు తిరిగాను. తన అంకె మళ్ళీ నొక్కుకుంది. సరిచూస్తే సరే అంది. ఇంకోసారి చూశాను. సరే అంది.

"తప్పు వాళ్ళ పెట్టెది," అన్నాను. అన్నది అన్నట్టు రాస్తున్నాను. నా అంతట నేను ఒక మాట గట్టిగా చెప్పడం అరుదు. బయట నిలబడ్డ నలుగురూ విన్నారు. సాయంత్రానికి గట్టంతా అదే మాట.

సెప్టెంబరు 16. ఎండ. గేజీ ౫ అడుగుల ౬ అంగుళాలు. రెండో తలుపు గొలుసు తుప్పు గీకాను. పోటు కేక: నూకరత్నం.

కార్డుల కార్యాలయానికి అర్జీ రాస్తున్నాను. ముద్ర పెట్టె లోపలి రాత ఎవరికీ చూపించరు, అందుకే అందులో తప్పు ఎవరికీ దొరకదు అని రాశాను. నా యంత్రం మీద ముప్పై ఎనిమిది కార్డుల పరీక్ష జత చేశాను. నా కార్డు వాళ్ళ పెట్టె మీద పనిచేసిందనీ, అంటే నా యంత్రంలో దోషం లేదనీ రాశాను. ఇప్పటికి అయిదు పేజీలు. రాయడం హాయిగా ఉంది.

సెప్టెంబరు 19. వాన. గేజీ ౬ అడుగులు. పోటు కేక: నూకరత్నం. గట్టు చివరి రెండిళ్ళకు కేక అందలేదట. ఎండుచేపల చాప ఒకటి తడిసింది. కషాయంలో మిరియాలు పెంచాను.

అర్జీ తొమ్మిది పేజీలు అయింది. పంపాను. లంకలో అందరూ తమ కార్డులతో సంతకాలు చేశారు. సంతకాలు ముప్పై ఎనిమిదీ నా యంత్రం మీదే.

సెప్టెంబరు 24. మబ్బు. గేజీ ౫ అడుగుల ౪ అంగుళాలు. పంటు చీకటి విడకముందే వెళ్ళింది. పోటు కేక: ఎవరూ లేరు. పోటు తక్కువ.

సెప్టెంబరు 25. ఎండ. గేజీ ౫ అడుగుల ౩ అంగుళాలు.

మళ్ళీ వెనక్కి వచ్చారు. నూకరత్నం నా వైపు చూడకుండా ఇంటికి పోయింది. వీరవేణి పంటులోనే నిలబడి మాట్లాడింది.

"రెండుసార్లే నొక్కింది. మూడోది నేను నొక్కనివ్వలేదు. తాళం పడితే మళ్ళీ దొంగదాన్ని చూసినట్టు చూస్తారు. ఈసారి వంతు నవంబరు ఆరు. అంతకు ముందు లేదంటే లేదన్నారు."

"వాళ్ళ పెట్టె..."

"పెట్టె పెట్టె అనకు మావయ్యా. ఆ పెట్టె ముందు మెరక జనం నలభై మంది నిలబడ్డారు. అందరికీ పలికింది. నీ కార్డుకీ పలికింది అన్నావు. మా అమ్మ కార్డుకేం రోగం? నీ కార్డుకీ మా అమ్మ కార్డుకీ తేడా ఏంటి?"

నాలుగో తలుపు మరకు గ్రీజు పెట్టడానికి వెళ్ళాను. నిన్నే పెట్టాను దానికి. మర మీద చెయ్యి ఉండగానే తేడా తెలిసింది.

నా అంకె నేను చెక్క పలక మీద పెట్టుకోలేదు. నా మీటల మీద పెట్టుకున్నాను.

గదిలోకి వచ్చి ఖాళీ కార్డు ఒకటి పెట్టాను. చెక్క పలక మీద ౧ నొక్కి, యంత్రం కార్డుకు ఏమి పంపుతోందో చిట్టా తీశాను. నా మీటల మీద 1 నొక్కి ఇంకో చిట్టా తీశాను. రెండూ ఒకటి కావు. రెండు చిట్టాలూ సులేమానుకు పంపాను. ఆయన చెప్పకముందే నాకు అర్థమైంది. అయినా ఇంకొకరి నోట వినాలని పంపాను.

సెప్టెంబరు 26. ఎండ. గేజీ 5 అడుగుల 2 అంగుళాలు. పోటు కేక: నూకరత్నం.

సులేమాను రాశాడు. "అన్నా, చిట్టాలు చూస్తి. కార్డులో రహస్య అంకెకి పన్నెండు గళ్ళు ఉండాయి. మామూలు అంకె ఒక గడిలో కూర్చుంటాది. మన తెలుగు అంకె ఒక్కోటి మూడు గళ్ళు తింటాది. నాలుగు అంకెలు, మూడేసి గళ్ళు, సరిగ్గా పన్నెండు. అందుకే కార్డు నోరు మెదపకుండా తీసుకునింది. నీ యంత్రంలో రోజూ అదే పోతాది, అదే సరిపోతాది. ముద్ర పెట్టె మామూలు అంకెలు పంపుతాది. దానికి అది వేరే అంకె. అయిదంకెలు పెట్టమని ఉంటే ఆ పొద్దే కార్డు వద్దనేది. నీ తప్పు కాదులే అన్నా. రాసింది నేను, అంకెలు కావా అని చూసే వరుస నేనూ పెట్టలే."

ముందే అడిగాను కదా అని ఆయన రాయలేదు. రాసి ఉంటే బాగుండేది.

నాలుగంకెలే చాలని పెట్టింది నేను. పెద్దవాళ్ళు మరిచిపోతారని.

దిద్దడానికి పావుగంట పట్టింది. చెక్క పలక మీద ఏది నొక్కినా దాన్ని మామూలు అంకెగా మార్చి కార్డుకు ఇవ్వాలి. ఒక్క వరుస. ఖాళీ కార్డు మీద రెండు వైపుల నుంచీ చూశాను. పదమూడో తేదీన ఈ పావుగంట నాకు ఉంది. పదహారున ఉంది. పంతొమ్మిదిన ఉంది. ఆ రోజుల్లో నేను తొమ్మిది పేజీలు రాశాను.

ఈ పుస్తకంలో తేదీలు ముందే అచ్చయి వచ్చాయి. గేజీ ఒక్కటే నేను మన అంకెల్లో రాసేవాణ్ణి, రాయి మీద ఉన్నట్టు. ఈ రోజు నుంచి దాన్ని కూడా అచ్చు అంకెల్లోనే రాస్తున్నాను.

సెప్టెంబరు 27. ఎండ. గేజీ 5 అడుగులు. పోటు కేక: నూకరత్నం. నాలుగో ఇంటి దాకా వినిపించింది.

కేక అయ్యాక ఆమె గోడ దిగేదాకా కింద నిలబడ్డాను. కషాయం చల్లారిపోయింది. తప్పు నాదని చెప్పాను. చెప్పడానికి చాలా సేపు పట్టింది. గళ్ళ సంగతి చెప్పబోతే చెయ్యి ఊపి ఆపేసింది.

"అదంతా నాకెందుకు? ఒకటి సెప్పు. నేను నొక్కిన అంకె సరైందేనా?"

"సరైందే. నువ్వు ఏ తప్పూ చేయలేదు."

గోడకు ఆనుకుని కూర్చుంది.

"అంకె మర్సిపోయాననుకున్నాను బావా. రెండోసారి కూడా పలక్కపోయేసరికి, గొంతుతో పాటు బుర్ర కూడా పోతందేమోనని బయమేసింది. వచ్చేటప్పుడు పంటులో దారి పొడుగునా అదే నాలుగంకెలు నాలో నేను అనుకుంటానే ఉన్నాను. మా వేణికి కూడా సెప్పలేదు."

కషాయం గిన్నె ఆమె వైపు జరిపాను.

"తప్పు ఆల్లదని తొమ్మిది కాయితాలు రాశావంట."

"వెనక్కి తీసుకుంటాను."

"తీసుకో. తప్పు నాదని రాయి. దానికి తొమ్మిది అక్కర్లేదు. ఒకటి సాలు." లేచి గిన్నె తీసుకుంది. చల్లారిన కషాయం మొత్తం తాగి బోర్లించి పెట్టింది. "ఇందులో మిరియాలు మరీ ఎక్కువేశావు. ముందే పుండు."

మధ్యాహ్నం నుంచి ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి గుమ్మం ముందూ అదే మాట చెప్పాను: నేను పెట్టిన అంకెలు మెరక మీద పనిచేయవు, తప్పు నాది, కవరు తీసుకుని లాకు గదికి రండి. మూడో ఇంటికి మాట తడబడటం తగ్గింది. ఎవరూ తిట్టలేదు. పదకొండో ఇంట్లో తాత ఒకాయన మాత్రం, "అయితే మన అంకెలు ఇక తీసేత్తావా?" అని అడిగాడు. తీయనక్కర్లేదు, పలక అలాగే ఉంటుంది, లోపల మారుతుంది అన్నాను. "అంతేగా," అన్నాడు. ఆయనకు అది అంతే.

అక్టోబరు 3. వాన, ఈదురుగాలి. గేజీ 5 అడుగుల 9 అంగుళాలు. కార్డులు ముప్పై ఎనిమిదీ దిద్దడం అయిపోయింది. పోటు కేక: నూకరత్నం, వీరవేణి. తల్లి అంకె చెబితే కూతురు అందుకుని వేసింది.

అక్టోబరు 8. ఎండ. గేజీ చూడమని ఎదురింటివాళ్ళకు అప్పగించి మెరకకు వెళ్ళాను. పంటు మునిగిన ఊళ్ళ మీదుగా పోతుంది. నీరు తేటగా ఉన్నచోట బస్టాండు కప్పు కనిపించింది. పెంటయ్యా నేనూ దాని కింద నిలబడి తొలి జీతానికి పకోడీలు తిన్నాము.

ఆసుపత్రి బల్ల దగ్గర మూడు గంటలు నిలబడ్డాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. వంతు వచ్చేసరికి రెండు ముక్కలే వచ్చాయి. "తప్పు నాది. ఆమెది కాదు."

బల్ల వెనకావిడ మంచిదే. కాగితం తిప్పి చూసింది. "తప్పెవరిదైతే ఏంటండీ. మీరు నిజం చెబుతున్నారు, కనిపిస్తూనే ఉంది. కానీ నవంబరు ఆరు దాకా అన్నీ గొంతు పుళ్ళే. ఎవరిని లేపమంటారు, మీరే చెప్పండి."

బెంచీ మీద కూర్చున్నవాళ్ళ వైపు చూశాను. మెడకు గుడ్డ చుట్టుకున్న కుర్రతల్లి ఒకామె ఒళ్ళో బిడ్డకు పాలు పడుతోంది. వచ్చేశాను.

అక్టోబరు 22. మబ్బు. గేజీ 6 అడుగుల 1 అంగుళం. రెండో తలుపు కొత్త గొలుసు వేశాను. పోటు కేక: వీరవేణి. నూకరత్నం పక్కన నిలబడి అంకె వేళ్ళతో చూపిస్తోంది. మాట్లాడితే దగ్గు వస్తోంది. కషాయం మానేసి అటుకుల జావ కాచి పెడుతున్నాను. మింగడానికి తేలిక.

కార్యాలయం నుంచి నా తొమ్మిది పేజీల అర్జీకి జవాబు వచ్చింది. విచారణకు స్వీకరించామన్నారు. వెనక్కి తీసుకుంటున్నానని ముందే పంపిన ఒక్క పేజీ సంగతి అందులో లేదు.

నవంబరు 5. ఎండ, చల్లగాలి. గేజీ 5 అడుగుల 7 అంగుళాలు.

రేపు ఆసుపత్రి. పోటు కేక తానే వేస్తానని పట్టుబట్టింది. వీరవేణి వద్దంది, వినలేదు. గోడ ఎక్కి కొంగు నడుముకు చుట్టి, "అయిదూ... ఏడూ..." అని వేసింది. ఎక్కువ దూరం పోలేదు. దగ్గు తగ్గేదాకా ఆగి మళ్ళీ వేసింది. రోజూ ఒక్కసారే వేస్తుంది. రెండోది ఎంతదాకా పోయిందో నాకు తెలియదు. కాని గట్టు మీద ఇళ్ళ ముందుకు జనం వచ్చి నిలబడ్డారు, చివరి ఇంటివాళ్ళు కూడా.

పోటు కేక: నూకరత్నం. రెండుసార్లు.

నవంబరు 7. మబ్బు. గేజీ 5 అడుగుల 5 అంగుళాలు. మొదటి తలుపు పలకలకు తారు పూశాను. పోటు కేక లేదు.

వీరవేణి ఒక్కతే తిరిగి వచ్చింది, బట్టలు తీసుకుపోవడానికి.

"కార్డు మొదటిసారికే పలికింది మావయ్యా," అంది. ఆ మాట నా కోసం చెప్పింది. తర్వాతిది చెప్పడానికి తాడు ముడి రెండుసార్లు విప్పి కట్టింది. "డాక్టరు అద్దం పెట్టి చూశాడు. పాకేసిందన్నాడు. పుండు ఒక్కటే తీస్తే లాభం లేదంట. మొత్తం తీయాలంట. దానికి వేరే ఒప్పుదల. మళ్ళీ నొక్కింది."

నేను దిద్దిన పలక మీద పెట్టుకున్న అంకె ముద్ర పెట్టె మీద రెండుసార్లూ ఒక్క తప్పు లేకుండా పనిచేసింది. రెండోసారి దానితో ఆమె తన గొంతు తీసేయడానికి సంతకం చేసింది.

"ఏమైనా అందా?" అని అడిగాను.

"నొక్కేముందు ఆ బల్ల దగ్గరావిడతో అంది, 'ఈసారి నా కార్డేనమ్మా' అని. అదే ఆఖరు."

నవంబరు 29. ఎండ. గేజీ 5 అడుగుల 10 అంగుళాలు. తలుపులు తీసి పంటుని లోపలికి తీసుకున్నాను. పోటు కేక: వీరవేణి.

నూకరత్నం వచ్చింది. బరువు తగ్గింది. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పలచటి గుడ్డ. గాలి అందులోంచే. దిగుతూ లాకు గోడ వైపు చూసింది, తర్వాత నా వైపు. నమస్కారం పెట్టాను. ముప్పై ఏళ్ళలో ఆమెకు ఎప్పుడూ పెట్టలేదు. నవ్వింది. నవ్వుకు చప్పుడు లేదు.

అక్షరాలు రావు కనుక బలపం, రాత పలక ఇచ్చినా మాటలు రాయడం చేతకాదు. అంకెలు రాస్తుంది. అయిదు గిన్నెల నీళ్ళు కావాలంటే ౫ అని. వీరవేణికి సగం అర్థమవుతుంది, సగం తిట్టు తింటుంది, చేతి సైగతో.

డిసెంబరు 1. మబ్బు. గేజీ 6 అడుగులు. తూము జల్లెడ కడిగాను. పోటు కేక: వీరవేణి.

వీరవేణి పంటు ఎక్కబోతూ ఆగి అడిగింది. "నేను అవతలి గట్టున చిక్కుకుపోయిన రోజు కేక ఎవరేస్తారు మావయ్యా? లాకు నీది. గేజీ నీది."

చూద్దాం అన్నాను.

"ఇల్లిల్లూ తిరిగి తప్పు నాదని చెప్పినప్పుడు వచ్చింది కదా గొంతు," అంది.

అది గుమ్మం ముందు నిలబడి చెప్పిన మాట. మైలున్నర పోయే మాట కాదు.

డిసెంబరు 4. ఆగ్నేయం గాలి, ముసురు. గేజీ పొద్దున 6 అడుగుల 8 అంగుళాలు. మూడో తలుపు దించి గొలుసు బిగించాను. పున్నమి రేపు. వీరవేణి పంటు అవతలి గట్టునే ఉంది, ఈ గాలికి దాటలేదు. రేడియోలో కబురు చెప్పింది, రాత్రికి గానీ రాలేనంది.

ఇది రాస్తుండగా నూకరత్నం వచ్చింది. తడిసిపోయి ఉంది. గుడ్డ చేత్తో అదిమి పట్టుకుంది. నా భుజం మీదుగా పుస్తకంలోకి చూసి, పెన్ను లాక్కుని, నేను రాసిన 6 అడుగుల 8ని కొట్టేసింది. పక్కన రాసింది:

౭

కిటికీలోంచి చూశాను. రాయి మీద ఏడు సగం మునిగింది. గట్టు కింద ఎవరివో మేకలు ఇంకా కట్టేసే ఉన్నాయి. రెండో ఇంటి చూరు కింద చాప మీద ఇద్దరు పిల్లలు కనిపిస్తున్నారు.

పెన్ను నా చేతిలో పెట్టింది. తన మెడ మీద వేలు పెట్టుకుని, అదే వేలు నా మెడ మీద పెట్టింది. వేలు చల్లగా ఉంది. తలుపు తీసి పట్టుకుని నిలబడింది. ముసురు లోపలికి కొట్టి ఈ పేజీ తడుస్తోంది.

పోటు కేక: